ముదిరిన హాజ్‌కిన్ లింఫోమా: ఏ కీమో మంచిదంటే ముగ్గురు మూడు పేర్లు ఎందుకు చెబుతారు?

బయాప్సీలో క్లాసికల్ హాజ్‌కిన్ లింఫోమా అని, పెట్ స్కాన్‌లో స్టేజ్ 4 అని వస్తే ఇంట్లోవాళ్ళ చెవిలో గింగురుమనేది ఆ నాలుగు అంకె ఒక్కటే. మిగతా చాలా క్యాన్సర్లలో స్టేజ్ 4 అంటే ఏమిటో అందరూ ఎంతోకొంత విని ఉంటారు కాబట్టి ఆ భయం సహజం. ఈ జబ్బులో ఆ లెక్క చెల్లదు. హాజ్‌కిన్‌లో స్టేజ్ 4 రోగితో కూడా డాక్టరు మాట్లాడేది పూర్తిగా నయం చేయడం గురించే.

ఆ మాటతో కాస్త కుదుటపడ్డాక రెండో టెన్షన్ మొదలవుతుంది. మొదట చూసిన ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) ఏబీవీడీ అనే కీమో పేరు చెబుతారు. సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే బ్రెంటుక్సిమాబ్ కలిపితే మేలంటారు. అమెరికాలో ఉన్న మేనమామ కొడుకు ఫోన్ చేసి, ఇక్కడ నివోలుమాబ్ ఇస్తున్నారు, మీరింకా ఆ పాత మందులేంటి అంటాడు. జర్మనీలో కూడా ఎవరైనా ఉంటే నాలుగో పేరు వినేవారు. వీళ్ళెవరూ తప్పు చెప్పడం లేదు. ఒకరు జబ్బు తిరగబెట్టకూడదని చూస్తున్నారు, ఒకరు పదేళ్ళ తర్వాత ఎంతమంది బతికి ఉంటారో చూస్తున్నారు, ఇంకొకరు ఆ బతికినవాళ్ళు ఎలా బతుకుతారో చూస్తున్నారు. ఈ మూడు లెక్కలూ ఒకే జవాబు ఇవ్వవు. యాభై ఏళ్ళుగా ఈ జబ్బు వైద్యంలో నడుస్తున్న వాదమంతా ఇదే.

ఒక మాట ముందే చెప్పాలి. లింఫోమా అనేది ఒక్క జబ్బు కాదు. హాజ్‌కిన్ కానివి డజన్ల కొద్దీ రకాలున్నాయి, వాటి మందులు వేరు. పక్కింటాయనకు ఆర్-చాప్ అనే కీమో ఇచ్చారట, మావాడికెందుకు ఇవ్వలేదు అని అడిగితే అర్థం ఉండదు. ఇక్కడ చెప్పేదంతా క్లాసికల్ హాజ్‌కిన్ గురించి, అదీ స్టేజ్ 3, 4 గురించి. స్టేజ్ 3 అంటే ఛాతీకి, పొట్టకి మధ్య ఉండే డయాఫ్రమ్‌కు పైనా కిందా కూడా లింఫ్ గ్రంథులు వాచాయని. స్టేజ్ 4 అంటే కాలేయం, ఎముక మజ్జ, ఊపిరితిత్తుల లాంటి చోట్లకు జబ్బు పాకిందని.

ఈ జబ్బుకు ఒక వింత గుణం ఉంది. మెడ దగ్గర నిమ్మకాయంత గడ్డ ఉన్నా, అందులో నిజమైన క్యాన్సర్ కణాలు నూటికి ఒకటో రెండో ఉంటాయి. వాటిని రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాలంటారు. మిగతాదంతా వాటి చుట్టూ చేరి, ఏమీ చేయలేక నిలబడిపోయిన మన రోగనిరోధక కణాలే. కొత్త మందుల కథంతా ఈ గుణం మీదే నడుస్తుంది.

మస్టర్డ్ నుంచి మిలన్ దాకా

1960ల దాకా ముదిరిన హాజ్‌కిన్ అంటే మరణమే. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో విన్సెంట్ డెవిటా బృందం నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. యుద్ధాల్లో వాడిన మస్టర్డ్ గ్యాస్‌కు వారసురాలైన నైట్రోజన్ మస్టర్డ్, విన్‌క్రిస్టిన్, ప్రొకార్బజిన్, ప్రెడ్నిసోన్. దీని పేరు మాప్. 1970లో ఫలితాలు అచ్చయ్యాయి. నూటికి 80 మందిలో జబ్బు ఆనవాలు లేకుండా పోయింది. దాదాపు సగం మందిలో మళ్ళీ రాలేదు. ముదిరిన క్యాన్సర్‌ను మందులతోనే నయం చేయవచ్చని పెద్దవాళ్ళ క్యాన్సర్లలో గట్టిగా రుజువైన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

మాప్‌కు మూల్యం కూడా పెద్దదే. చాలామంది మగవాళ్ళకు పిల్లలు పుట్టే అవకాశం పోయింది. కొందరికి కొన్నేళ్ళ తర్వాత రక్త క్యాన్సర్ వచ్చింది. హాజ్‌కిన్ ఎక్కువగా వచ్చేది ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్ళకు. ఇంకా యాభై ఏళ్ళు బతకాల్సినవాడికి ఇది చిన్న విషయం కాదు.

అందుకే ఇటలీలోని మిలన్‌లో జియాన్ని బొనడోన్నా 1970ల మొదట్లో వేరే నాలుగు మందులు కూర్చారు. అడ్రియామైసిన్, బ్లియోమైసిన్, విన్‌బ్లాస్టిన్, డకార్బజిన్: వీటి మొదటి అక్షరాలే ఏబీవీడీ. అడ్రియామైసిన్ ఎర్రగా ఉంటుంది, ఎక్కించాక మూత్రం కూడా ఎర్రబడుతుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు. విన్‌బ్లాస్టిన్ మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. (అందుకని ఆ ఆకులు నూరి తాగించే ప్రయత్నం చేయొద్దు. మొక్కలో ఆ మందు లేశమంత ఉంటుంది, దానితో పాటు ఇంకా చాలా ఉంటాయి.) నెలకు రెండుసార్లు, రెండు వారాల తేడాతో డే కేర్‌లో ఎక్కిస్తారు. ఈ రెండుసార్లూ కలిపి ఒక సైకిల్, అంటే ఒక విడత. ఆరు సైకిళ్ళంటే ఆరు నెలలు, పన్నెండుసార్లు.

1992లో అమెరికాలో మాప్‌ను, ఏబీవీడీని, రెండూ మార్చి మార్చి ఇచ్చే పద్ధతిని పోల్చిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అయిదేళ్ళకు వైద్యం విఫలం కాకుండా ఉన్నవాళ్ళు మాప్‌లో నూటికి 50, ఏబీవీడీలో 61, రెండూ కలిపితే 65. ఏబీవీడీ ఒక్కటే ఇస్తే కలిపినదానికి ఇంచుమించు దీటుగా వచ్చింది, బాధ తక్కువ, పిల్లల అవకాశం చాలావరకు నిలిచింది. అప్పటినుంచి ప్రపంచంలో ఎక్కువ చోట్ల ఏబీవీడీయే మొదటి మందైంది.

అయినా నూటికి పాతిక ముప్పై మందికి జబ్బు లొంగకపోవడమో, తిరగబెట్టడమో జరిగేది. అక్కడే జర్మన్లు విడిపోయారు.

గట్టిగా కొట్టే పద్ధతి

కొలోన్‌లోని ఫోల్కర్ డీల్ నాయకత్వంలో జర్మన్ హాజ్‌కిన్ స్టడీ గ్రూప్ వాదన సూటిగా ఉంటుంది. మొదటి దెబ్బే గట్టిగా కొడితే జబ్బు మళ్ళీ లేవదు. ఏడు మందులతో బీకాప్ అనే పద్ధతి తయారుచేశారు. మోతాదు పెంచిన రూపం 21 రోజులకొక సైకిల్. 2003లో వచ్చిన హెచ్‌డీ9 ట్రయల్‌లో అయిదేళ్ళకు జబ్బు అదుపులో ఉన్నవాళ్ళు పాత పద్ధతిలో 69 శాతం, పెంచిన బీకాప్‌లో 87 శాతం. బతికి ఉన్నవాళ్ళు 83 శాతం, 91 శాతం. క్యాన్సర్ వైద్యంలో ఇంత తేడా అరుదు.

అయితే వాళ్ళు పోల్చిన పాత పద్ధతి అచ్చమైన ఏబీవీడీ కాదు. మాప్‌కు దగ్గరి చుట్టమైన కాప్‌ను, ఏబీవీడీని మార్చి మార్చి ఇచ్చినది. పైగా పెంచిన బీకాప్ మనిషిని కుదిపేస్తుంది. తెల్లరక్తకణాలు దాదాపు సున్నాకు పడిపోతాయి, జ్వరాలు, రక్తం ఎక్కించడాలు, ఆస్పత్రిలో చేరికలు. వైద్యం వల్లే కొందరు చనిపోయారు. అరవై దాటినవాళ్ళు అసలు తట్టుకోలేకపోయారు. మగవాళ్ళలో చాలామందికి వీర్యకణాలు తిరిగి రాలేదు. ఆ తర్వాత జర్మన్లు చేసిన పనంతా ఈ భారాన్ని తగ్గించడమే. 2012లో వచ్చిన హెచ్‌డీ15లో ఎనిమిది సైకిళ్ళకు బదులు ఆరే ఇస్తే బతికినవాళ్ళు 91.9 శాతం నుంచి 95.3 శాతానికి పెరిగారు. మందు తగ్గిస్తే ఫలితం మెరుగైంది.

ఇటలీ లెక్క దగ్గర ఆగాలి

2011లో ఇటలీవాళ్ళు ఏబీవీడీని, బీకాప్‌ను నేరుగా పోటీకి పెట్టారు. రోగుల సంఖ్య 331, మరీ పెద్ద ట్రయల్ కాదు. అయినా నా దృష్టిలో ఈ వాదమంతా అర్థం కావడానికి ఇంతకంటే మంచి ట్రయల్ లేదు. ఏడేళ్ళకు జబ్బు మొదటిసారి ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు బీకాప్‌లో 85 శాతం, ఏబీవీడీలో 73 శాతం. స్పష్టమైన తేడా. బతికి ఉన్నవాళ్ళు మాత్రం 89 శాతం, 84 శాతం. ఈ అయిదు శాతం తేడా కాకతాళీయం కావచ్చని గణాంక పరీక్ష తేల్చింది.

పన్నెండు శాతం తేడా ఎటు పోయింది? ఏబీవీడీ తర్వాత తిరగబెట్టినవాళ్ళలో చాలామందిని రెండో వైద్యం కాపాడింది. వేరే కీమో ఇచ్చి, రోగి సొంత మూలకణాలను ముందే తీసి దాచి, భారీ మోతాదు మందు తర్వాత తిరిగి ఎక్కించే పద్ధతి (ట్రాన్స్‌ప్లాంట్) అది. ఇంటర్ పరీక్ష మొదటి అటెంప్ట్‌లో పాసైనా, సప్లిమెంటరీలో పాసైనా చేతికొచ్చే సర్టిఫికెట్ ఒకటే. కానీ సప్లిమెంటరీ రాసినవాడి వేసవి ఎలా గడిచిందో వాడికే తెలుసు.

ఇక్కడినుంచి రెండు దారులు. ఒకటి: అందరికీ తేలిక మందు ఇచ్చి, విఫలమైన పాతిక ముప్పై మందిని రెండో దశలో పట్టుకోవడం. దీనివల్ల మిగతా డెబ్భై మందికి అనవసరపు బాధ తప్పుతుంది, కానీ విఫలమైనవాళ్ళు ట్రాన్స్‌ప్లాంట్ దాకా వెళ్ళాలి, అందరూ గట్టెక్కరు. రెండోది: అందరికీ గట్టి మందు ఇచ్చి ఆ పరిస్థితే రాకుండా చూడడం. అప్పుడు తేలిక మందుతోనే నయమయ్యేవాళ్ళు కూడా పిల్లల్ని కనే అవకాశాన్ని పణంగా పెట్టాలి. అమెరికా, బ్రిటన్, ఇటలీ మొదటి దారి పట్టాయి. జర్మనీ రెండోది. ఒక కీమో పేరు చూసి మనం మందుల జాబితా అనుకుంటాం. నిజానికి విఫలమయ్యేవాళ్ళని ఎప్పుడు, ఎలా పట్టుకోవాలన్న నిర్ణయం కూడా ఆ పేరులోనే దాగి ఉంటుంది.

రెండు సైకిళ్ళ తర్వాత స్కాన్

ఎవరికి తేలిక మందు సరిపోతుందో ముందే తెలిస్తే ఈ గొడవే ఉండదు కదా. దానికి దగ్గరగా తీసుకెళ్ళింది పెట్ స్కాన్. రెండు సైకిళ్ళయ్యాక స్కాన్ తీస్తే, గడ్డ కొంచెం మిగిలి ఉన్నా అందులో జీవం ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. దీనికి డోవిల్ స్కోరు అని ఒకటి నుంచి అయిదు దాకా మార్కులుంటాయి. డోవిల్ ఫ్రాన్స్‌లో ఒక ఊరు, నిపుణులు అక్కడ కూర్చుని ఈ కొలత ఖరారు చేశారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు దాకా మంచి కబురు, నాలుగు, అయిదు అంటే మందు చాలడం లేదని. రిపోర్టులో గడ్డ ఇంకా ఉందనే వాక్యం చూసి భయపడేకంటే ఈ స్కోరు ఎంతో చూడండి.

2016లో వచ్చిన రాథల్ ట్రయల్‌లో బ్రిటన్, ఇటలీ, ఆస్ట్రేలియా తదితర దేశాల్లో 1,200 మందికి పైగా చేరారు. రెండు సైకిళ్ళ ఏబీవీడీ తర్వాత స్కాన్ శుభ్రంగా వచ్చినవాళ్ళు నూటికి 84. వాళ్ళలో సగం మందికి ఏబీవీడీయే కొనసాగించారు, సగం మందికి బ్లియోమైసిన్ తీసేసి మిగతా మూడు మందులే (ఏవీడీ) ఇచ్చారు. మూడేళ్ళకు జబ్బు ముదరనివాళ్ళు 85.7 శాతం, 84.4 శాతం. బతికినవాళ్ళు రెండు వైపులా 97 శాతం. బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల్ని గట్టిపరచగలదు, అరుదుగా ప్రాణం తీస్తుంది. దాన్ని మధ్యలో ఆపేస్తే నష్టం చాలా స్వల్పమని తేలడం రోగులకు పెద్ద ఊరట. స్కాన్ బాగా రానివాళ్ళను బీకాప్‌కు మార్చారు.

అటువైపు నుంచి ఫ్రాన్స్‌వాళ్ళు తిరగేసి చేశారు: ముందు రెండు సైకిళ్ళ బీకాప్, స్కాన్ బాగుంటే ఏబీవీడీకి దిగడం. 2019 నాటి ఫలితాల్లో అయిదేళ్ళకు 86 శాతం మందికి జబ్బు ముదరలేదు, బీకాప్ పూర్తిగా ఇచ్చినవాళ్ళతో సమానం. జర్మన్లు కూడా స్కాన్ బాగున్నవాళ్ళకు మొత్తం నాలుగు సైకిళ్ళతో ఆపేయవచ్చని 2017లో చూపించారు. రెండు దారులూ అప్పటికే ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి.

కొత్త మందులు వచ్చాక

రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాల ఒంటిమీద సీడీ30 అనే గుర్తు ఉంటుంది. బ్రెంటుక్సిమాబ్ ఆ గుర్తును పట్టుకుని లోపలికి విషం చేరవేసే మందు. ఇది, బ్లియోమైసిన్ కలిస్తే ఊపిరితిత్తులకు మరీ ప్రమాదం అని తొలి పరీక్షల్లోనే తెలిసింది కాబట్టి బ్లియోమైసిన్ తీసేసి దాని స్థానంలో దీన్ని పెట్టారు. అదే బీవీ-ఏవీడీ. ఎషెలాన్-1 అనే 1,334 మంది ట్రయల్‌లో దీన్ని ఏబీవీడీతో పోల్చారు. 2018లో మొదటి ఫలితాలు వచ్చినప్పుడు తేడా అయిదు శాతమే, ఇంత ఖరీదుకు ఇంతేనా అని చాలామంది పెదవి విరిచారు. 2022లో ఆరేళ్ళ లెక్క వచ్చేసరికి బతికి ఉన్నవాళ్ళు బీవీ-ఏవీడీలో 93.9 శాతం, ఏబీవీడీలో 89.4 శాతం. ఈసారి తేడా రెండో వైద్యంతో చెరిగిపోలేదు. ప్రతి నూరుగురిలో నలుగురైదుగురు అదనంగా బతికారు. మూల్యం నరాలది: అరికాళ్ళు, వేళ్ళ తిమ్మిర్లు 67 శాతం మందికి వచ్చాయి, ఏబీవీడీలో 43 శాతం. చాలామందికి తర్వాత తగ్గాయి, అందరికీ కాదు. తెల్లరక్తకణాల కౌంట్ పడిపోయి జ్వరాలు కూడా ఎక్కువే, అందుకే కౌంట్ పెంచే ఇంజెక్షన్ మొదటినుంచీ తప్పనిసరి.

రెండో కొత్త మందు నివోలుమాబ్ క్యాన్సర్ కణాన్ని నేరుగా కొట్టదు. గడ్డ నిండా ఉండి పని చేయలేకపోతున్న రోగనిరోధక కణాలని చెప్పుకున్నాం కదా, వాటికి పడిన బ్రేకు తీస్తుంది. అమెరికా, కెనడాల్లో జరిగిన ఎస్1826 ట్రయల్‌లో 12 ఏళ్ళు నిండిన పిల్లల నుంచి వృద్ధుల దాకా 994 మందిని తీసుకుని నివోలుమాబ్-ఏవీడీని బీవీ-ఏవీడీతో పోటీ పెట్టారు. 2024లో అచ్చయిన ఫలితాల్లో రెండేళ్ళకు జబ్బు ముదరనివాళ్ళు 92 శాతం, 83 శాతం. తిమ్మిర్లు బాగా తగ్గాయి, థైరాయిడ్ మందగించడం కొంత పెరిగింది. అరవై దాటినవాళ్ళలో లాభం మరీ స్పష్టంగా కనిపించింది. బీకాప్ వాళ్ళకు ఎప్పుడూ అందుబాటులో లేదు కాబట్టి ఇది నిజంగా కొత్త విషయం.

అదే ఏడాది జర్మన్ల హెచ్‌డీ21 ఫలితాలు అచ్చయ్యాయి. బీకాప్‌లోంచి బ్లియోమైసిన్, విన్‌క్రిస్టిన్ తీసేసి బ్రెంటుక్సిమాబ్ చేర్చారు, ప్రొకార్బజిన్ స్థానంలో డకార్బజిన్ పెట్టారు. పేరు బ్రెకాడ్. నాలుగేళ్ళకు జబ్బు ముదరనివాళ్ళు 94.3 శాతం, బీకాప్‌లో 90.9. స్కాన్ బాగుంటే నాలుగు సైకిళ్ళు, అంటే పన్నెండు వారాల్లో వైద్యం అయిపోతుంది. సంతానానికి సంబంధించిన హార్మోన్ మామూలు స్థాయికి వచ్చినవాళ్ళు ఆడవాళ్ళలో దాదాపు 95 శాతం, మగవాళ్ళలో 86 శాతం. బీకాప్ తీసుకున్న మగవాళ్ళలో అది 40 శాతమే.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. 94 అంటే 92 కంటే ఎక్కువ, కాబట్టి బ్రెకాడ్ గెలిచింది అనేస్తారు. ఒకటి నాలుగేళ్ళ అంకె, ఇంకోటి రెండేళ్ళది. ఒకదానిలో అరవై లోపువాళ్ళే, ఇంకోదానిలో ఎనభై ఏళ్ళవాళ్ళు కూడా. జర్మన్ ట్రయల్‌లో కొంతమంది స్టేజ్ 2 రోగులు కూడా ఉన్నారు. ఈ రెండు మందుల్నీ ఒకే ట్రయల్‌లో ముఖాముఖి పోల్చి చూడనంతవరకు పక్కపక్కన పెట్టిన అంకెలతో గెలుపోటములు తేల్చలేం. నా మట్టుకు నాకు, ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ మనిషికి, మంచి ఆస్పత్రి దగ్గర్లో ఉంటే రెండూ గొప్ప ఎంపికలే. అరవై అయిదేళ్ళ మనిషికి నివోలుమాబ్ వైపు మొగ్గుతాను.

మన దగ్గర

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఈ ఎంపిక ట్రయల్ అంకెలతో మొదలవ్వదు. మన దగ్గర మెడలో గడ్డ, జ్వరం, బరువు తగ్గడం అంటే ముందు గుర్తొచ్చేది టీబీ. బయాప్సీ లేకుండా నెలల తరబడి టీబీ మందులు వాడి, తగ్గకపోతే అప్పుడు అసలు జబ్బు బయటపడే కేసులు మన డాక్టర్లకు బాగా తెలిసినవే. అప్పటికి మనిషి చిక్కిపోయి ఉంటాడు, హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) పడిపోయి ఉంటాయి. ఇవి రెండూ జబ్బు ఎంత మొండిగా ఉంటుందో అంచనా వేసే ఏడు అంశాల్లో ఉన్నవే. సూదితో నాలుగు కణాలు లాగే పరీక్ష చాలామటుకు సరిపోదు, గడ్డనో దాని ముక్కనో తీసి చూడాలి.

ఖర్చు రెండోది. ఏబీవీడీలో నాలుగూ పాత జెనరిక్ మందులు. బ్రెంటుక్సిమాబ్, నివోలుమాబ్ వాటికి ఎన్నో రెట్లు ఖరీదు, సైకిల్ సైకిల్‌కీ ఆ ఖర్చు ఉంటుంది. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్‌ను 20 మిల్లీగ్రాముల అతి చిన్న మోతాదులో ఇచ్చి ప్రయోజనం చూపించాక, హాజ్‌కిన్‌లోనూ తక్కువ మోతాదు మీద ఆశ పెరిగింది. తిరగబెట్టిన జబ్బులో అలా వాడినవాళ్ళున్నారు. కానీ మొదటి వైద్యంగా ఎస్1826 అంకెలు వచ్చింది పూర్తి మోతాదుతో, చిన్న మోతాదుకు వాటిని అతికించకూడదు.

పొలం అమ్మి బీవీ-ఏవీడీ చేయించాలా అని అడిగే కుటుంబానికి నేను చెప్పేది ఇదే. ఏబీవీడీ ఓడిపోయిన మందు కాదు. రెండు సైకిళ్ళ తర్వాత పెట్ స్కాన్ మాత్రం మానొద్దు, అప్పు చేసైనా తీయించాల్సింది అదే. అది బాగుంటే బ్లియోమైసిన్ ఆపి ఏవీడీతో ముగించడం ఈనాటికీ గౌరవప్రదమైన వైద్యమే. బాగాలేకపోతే ఆ డబ్బు అవసరం అప్పుడు పడుతుంది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు, కంపెనీల రోగి సహాయ పథకాలు దొరికేవాళ్ళు కొత్త మందుల గురించి మొదటి సైకిల్‌కు ముందే అడగాలి.

పెళ్ళికాని కుర్రాడైతే వీర్యం భద్రపరచడం కూడా మొదటి సైకిల్‌కు ముందే జరగాలి. ఏబీవీడీకి ఆ ముప్పు తక్కువైనా, స్కాన్ తర్వాత బీకాప్‌కు మారాల్సి వస్తే అప్పటికి సమయం మించిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు ఈ మాట ఎత్తడానికి డాక్టర్లు కూడా మొహమాటపడతారు. అడగాల్సింది మీరే.

ఇక దూరం. మండల కేంద్రం నుంచి సిటీకి నాలుగు గంటల ప్రయాణం ఉన్న రోగికి బీకాప్, బ్రెకాడ్ లాంటివి ఇవ్వడానికి చాలామంది ఆంకాలజిస్టులు వెనకాడతారు, అందులో న్యాయం ఉంది. ఆ ట్రయళ్ళలో వచ్చిన అంకెలు జ్వరం వచ్చిన కొద్ది గంటల్లో నరానికి యాంటీబయాటిక్ పడే దేశాల్లో వచ్చాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా ఒక నియమం మారదు: కీమో నడుస్తున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, అర్ధరాత్రయినా సరే, పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. దానికి థర్మామీటరు, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు, బండి ఏర్పాటు మొదటి డోసుకు ముందే సిద్ధంగా ఉంచుకోవాలి.